రింగుల జుట్టుకు కావాల్సింది ఖర్చు కాదు, కాస్త తెలుసుకోవడం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఈమధ్య జుట్టు మీద ఒక పూర్తి పేజీ వేశారు. మొండి జుట్టును దారికి తెచ్చుకోవడం ఎలా అన్నది అందులో విషయం. పక్కనే రెండు ఫొటోలు. మొదటి దాంట్లో ఒకమ్మాయి రింగుల జుట్టుతో దిగులుగా కూర్చుంది. రెండో దాంట్లో అదే అమ్మాయి నిటారుగా జారే జుట్టుతో నవ్వుతోంది. స్ట్రెయిటెనింగ్, స్మూతనింగ్, కెరటిన్ అని జుట్టును సాఫు చేసే మూడు పద్ధతులు చెప్పి, ఏది ఎన్ని నెలలు నిలుస్తుందో కూడా రాశారు. ఆ మొదటి ఫొటోను నేను చాలాసేపు చూశాను. ఆ జుట్టుకు ఏ లోపమూ లేదు. కొసలు ఎండిపోయి ఉన్నాయి, పొడి జుట్టును సన్నపళ్ల దువ్వెనతో దువ్వారని చూడగానే తెలుస్తోంది. ఆ రెండూ ఇంట్లోనే చక్కబడతాయి. ఆ మాట పేజీ మొత్తంలో ఎక్కడా లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా మొత్తం వేయగలరని ఆశిస్తున్నాను.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. నాది రింగుల జుట్టు. మా అక్క కూతురిది ఇంకా గట్టి రింగులు, ఒక్కో పాయ చిటికెన వేలికి చుట్టుకుపోతుంది. మా బడిలో ఇలాంటి జుట్టున్న పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్లు చిన్నప్పట్నుంచి వినే మాటలు నాకు బాగా తెలుసు. ‘ఆ తలేంటి, దువ్వుకోలేదా?’, ‘చింపిరి జుట్టు’, ‘పిచ్చుక గూడు’. పదో తరగతికి వచ్చేసరికి వాళ్లలో చాలామందికి ఒకటే కోరిక. డబ్బు దాచుకుని ఎప్పటికైనా జుట్టు సాఫు చేయించుకోవాలి. లంచ్ బెల్ కొట్టాక స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, ‘టీచర్, మీరేం రాస్తారు?’ అని మెల్లగా అడిగే పిల్లల కోసమే నేను ఇదంతా నేర్చుకున్నాను.

ముందు అసలు సంగతి. వెంట్రుక మెలిక తిరగాలా తిన్నగా రావాలా అన్నది మాడు లోపలే తేలిపోతుంది. వెంట్రుక మొలిచే కుదురు తిన్నగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది. కుదురే వంగి ఉంటే వెంట్రుక మెలిక తిరుగుతూ బయటికొస్తుంది. అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తే తిన్నని వెంట్రుక ఇంచుమించు గుండ్రంగా, రింగుల వెంట్రుక కాస్త నొక్కినట్టు అండాకారంలో ఉంటుంది. ఇది పుట్టుకతో వచ్చింది. ఏ షాంపూ, ఏ నూనె దీన్ని మార్చలేదు.

మాడులోని గ్రంథులు ఎప్పుడూ కొంత జిడ్డును వదులుతుంటాయి. తిన్నని వెంట్రుక మీద ఆ జిడ్డు సులువుగా కిందికి జారుతుంది. మెలికలున్న వెంట్రుక మీద అంత దూరం పోలేదు. అందుకే మాడు దగ్గర జిడ్డుగా ఉన్నా కొసలు ఎండిపోయి ఉంటాయి. ఇక వెంట్రుక పైభాగమంతా సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉంటాయి. మెలిక ఉన్న చోట ఆ పొలుసులు కొంచెం లేస్తాయి. అక్కడే పక్క వెంట్రుక తగులుకుంటుంది. చిక్కు పడేదీ అక్కడే, లాగితే తెగేదీ అక్కడే. ఈ జుట్టుకు తేమ నిలవాలి, రాపిడి తగ్గాలి. ఈ రెంటికీ పనికొచ్చేది ఏదైనా మంచిదే. పనికిరానిది ఎంత ఖరీదైనా దండగే.

చవకైన వస్తువుల్లో మొదటిది వెడల్పు పళ్ల దువ్వెన. పళ్ల మధ్య చిటికెన వేలు దూరేంత సందుండాలి. ప్లాస్టిక్‌దైనా సరే, కానీ కొనేముందు పళ్లమీద వేలితో ఒకసారి తడిమి చూడండి. అచ్చు పోసినప్పుడు మిగిలిన అతుకు గీత పంటి పొడవునా గరుగ్గా తగిలితే అది వద్దు. ఆ గీతే రోజూ పొలుసుల్ని గీరుతుంది. నున్నగా ఉన్న దువ్వెన ఒక్కటి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది.

దాన్ని ఎప్పుడు వాడాలన్నదే అసలు కిటుకు. ‘తడి జుట్టు దువ్వకూడదు’ అని అందరూ చెబుతారు. తిన్నని జుట్టుకు అది మంచి సలహానే. తడిసిన వెంట్రుక మెత్తబడుతుంది, తన పొడవులో దాదాపు 30 శాతం వరకు సాగుతుంది, అప్పుడు గట్టిగా లాగితే దెబ్బతింటుంది. కానీ గట్టి రింగులున్న జుట్టును పొడిగా ఉన్నప్పుడు దువ్వితే అంతకంటే ఎక్కువ నష్టం. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా ఇలాంటి జుట్టును తడిగా ఉన్నప్పుడే వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వుకోమంటోంది. తడితో పాటు జారుడు కూడా ఉండాలని నేను కలుపుతాను. జారుడు ఇచ్చేది కండిషనర్.

మా అక్క కూతురు సెలవులకు వచ్చినప్పుడు తనకు నేను చేసే పద్ధతి ఇది. తల బాగా తడిపి, షాంపూ మాడుకు మాత్రమే రాస్తాను. గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో రుద్దుతాను. కడిగేటప్పుడు కిందికి జారే నురగ చాలు, మిగతా జుట్టుకు విడిగా షాంపూ అక్కర్లేదు. తర్వాత జుట్టును నాలుగు భాగాలు చేసి మూడింటిని క్లిప్పులతో పైకి పెట్టేస్తాను. ఒక్కో భాగానికి కండిషనర్ దండిగా పట్టించి, ముందు వేళ్లతోనే పెద్ద చిక్కుల్ని విడదీస్తాను. ఆ తర్వాతే దువ్వెన. కొసల దగ్గర నాలుగు అంగుళాలు మొదలుపెట్టి, అది సాఫీగా పోయాక కాస్త పైనుంచి, ఆ తర్వాత ఇంకాస్త పైనుంచి. చిక్కుకు పైన జుట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంటాను. లాగుడు మాడుదాకా పోదు, పిల్లకు నొప్పి తెలీదు. ఇందులో చెవి పెట్టి వినాల్సింది ఒకటుంది. దువ్వెన పోతుంటే చిట్ చిట్‌మని చప్పుడొస్తే వెంట్రుకలు తెగుతున్నాయన్నమాట. వెంటనే ఆపాలి. ఇంకొంచెం నీళ్లు, ఇంకొంచెం కండిషనర్ వేసి మళ్లీ వేళ్లతో మొదలుపెట్టాలి. చప్పుడు లేకుండా పోతుంటే సరిగ్గా చేస్తున్నట్టు.

అలా చేసిన మొదటిసారి తను దువ్వెనలో వచ్చిన జుట్టు చూసి బెదిరిపోయింది. ‘పిన్నీ, ఇంత ఊడిపోతోందేంటి?’ అని ఏడుపు మొహం పెట్టింది. ఈ టెన్షన్ రింగుల జుట్టున్న వాళ్లందరికీ ఉంటుంది. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. తిన్నని జుట్టు వాళ్లకు అవి ఎప్పటికప్పుడు భుజాల మీదో దిండు మీదో పడిపోతాయి. మనకు రాలిన వెంట్రుక రింగుల మధ్యే ఇరుక్కుని ఉండిపోతుంది. నాలుగు రోజులకోసారి దువ్వితే నాలుగు రోజులదీ ఒకేసారి గుప్పెడు వస్తుంది. వచ్చిన వెంట్రుకల్లో ఒకటి తీసి చూడమన్నాను. ఒక చివర చిన్న తెల్లటి బుడిపె కనిపిస్తే అది తన కాలం తీరి రాలిందే. బుడిపె లేకుండా పొట్టి ముక్కలుగా వస్తుంటే తెగుతున్నట్టు, అప్పుడు దువ్వే పద్ధతి మార్చుకోవాలి. ఒకచోట బిళ్లలా ఊడిపోయినా, పాపిడి వెడల్పవుతున్నా, మాడు మీద పుండ్లు లేచినా చిట్కాలతో కాలయాపన వద్దు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

ఇక కండిషనర్ ఏది కొనాలి? పిల్లలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అందుకే వాళ్లకు సీసా వెనక చదవడం నేర్పిస్తున్నాను. ఒకసారి ఇద్దరమ్మాయిలు రెండు కండిషనర్ సీసాలు తెచ్చారు, ఒకటి బాగా ఖరీదైనది, ఇంకోటి చవక. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టి చదివించాను. రెండింట్లోనూ మొదట నీళ్లు. తర్వాత సెటియరిల్ ఆల్కహాల్. ఆ తర్వాత బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్. పనిచేసే సరుకు రెండింట్లోనూ అదే. పిల్లల మొహాలు వెలిగిపోయాయి.

ఇందులో కాస్త కెమిస్ట్రీ ఉంది, అది చెప్పకుండా ఉండలేను. కడిగిన వెంట్రుక మీద, ముఖ్యంగా దెబ్బతిన్న చోట, రుణావేశం ఎక్కువగా ఉంటుంది. పేరులో ‘ట్రైమోనియం’ అని వచ్చే పదార్థాలకు ధనావేశం ఉంటుంది. కాబట్టి అవి నేరుగా వెళ్లి ఎక్కడ ఎక్కువ దెబ్బతిందో అక్కడే ఎక్కువగా అంటుకుంటాయి. కడిగినా పలచని పొర మిగులుతుంది. జారుడు దాని వల్లే వస్తుంది. సెటియరిల్ ఆల్కహాల్ అన్న పేరు చూసి భయపడక్కర్లేదు. అది మైనంలా గట్టిగా ఉండే కొవ్వు ఆల్కహాల్, జుట్టును మెత్తగా ఉంచుతుంది. ఎండబెట్టే ఆల్కహాల్ వేరే, అది ఇథనాల్, ‘ఆల్కహాల్ డీనాట్’ అని రాస్తారు. ఆ పేరు జాబితాలో మొదట్లోనే ఉంటే ఆ సీసా పక్కన పెట్టేయవచ్చు.

పదార్థాల జాబితాను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఎలాగైనా రాసుకోవచ్చు. దీనికి తోడు ఇంకో గుర్తుంది. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్, అంటే సరుకు పాడవకుండా కాపాడే పదార్థం, చాలా సీసాల్లో ఉంటుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం అది 1 శాతం దాటకూడదు. కాబట్టి సీసా ముందువైపు పెద్ద అక్షరాలతో బొమ్మ వేసిన నూనె పేరు, వెనకవైపు ఫినాక్సీఇథనాల్ తర్వాత కనిపిస్తే, ఆ నూనె ఒక శాతం కూడా ఉండదని అనుకోవచ్చు. మనం ఎక్కువ డబ్బు పెట్టేది ఆ చుక్క కోసమే. ఈ ఒక్క విషయం తెలిశాక మా పిల్లలు అంగట్లో ఐదు నిమిషాలు నిలబడి చదివి కొంటున్నారు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

షాంపూ సంగతికొస్తే, అందులో జిడ్డు వదిలించే సల్ఫేట్లంటే విషమన్నట్టు ప్రచారం జరుగుతోంది. సోడియం లారిల్ సల్ఫేట్ విషం కాదు, గట్టిగా కడుగుతుంది, అంతే. ఎండిన జుట్టుకు అంత గట్టి కడుగుడు అక్కర్లేదు. కోకమిడోప్రొపైల్ బీటైన్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటివి ముందు వరసలో ఉన్న మెత్తని షాంపూ దొరికితే మంచిదే. దొరక్కపోతే ఉన్న షాంపూనే కొద్దిగా తీసుకుని, కప్పు నీళ్లలో కలిపి, మాడుకు మాత్రం వాడుకోవచ్చు. కలిపింది అప్పటికప్పుడు అయిపోవాలి, నిలవ ఉంచితే ప్రిజర్వేటివ్ పలచబడి క్రిములు చేరతాయి. అసలు షాంపూయే మానేయమనే సలహా కూడా వింటున్నాను. దాన్ని నేను ఒప్పుకోను. మాడు చర్మమే. దాని మీద చెమట, జిడ్డు, మురికి చేరతాయి, వాటిని కడగాల్సిందే. వెంట్రుకకు నున్నని పూత వేసే సిలికోన్ల గురించి కూడా అంతే. డైమిథికోన్ అనే సిలికోన్ ఉన్న కండిషనర్ వాడితే అప్పుడప్పుడు షాంపూతో కడుక్కోవాలి, అంతకుమించి భయపడాల్సిందేమీ లేదు. చవక సీసాల్లో మంచి జారుడు ఇచ్చేది తరచూ అదే.

జెల్ మాత్రం నేను కొనను. అవిసె గింజలతో ఇంట్లోనే కాస్తాను. పావు కప్పు గింజలకు రెండు కప్పుల నీళ్లు. సన్నని మంట మీద కలుపుతూనే ఉండాలి, లేకపోతే గింజలు అడుగున ముద్ద కడతాయి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత నీటిమీద తెల్లని నురగ లేస్తుంది. ఆ తర్వాత గరిటె పైకెత్తితే చుక్కలుగా పడే నీళ్లు సన్నని తీగలా సాగుతాయి. తీగ కనిపించగానే దించేయాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే మరీ చిక్కబడి వడకట్టడం కుదరదు. వేడిగా ఉన్నప్పుడే పల్చని గుడ్డలో పోసి, చెయ్యి కాలకుండా గరిటెతో అదుముతూ వడకట్టాలి. చల్లారితే గింజల్ని వదలదు. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు బాగుంటుంది. వాసన మారితే పారబోయాలి, అందుకే కొంచెం కొంచెమే కాచుకోవాలి.

ఈ జెల్ నీళ్లు కారుతున్న జుట్టుకే రాయాలి. తుడిచాక రాస్తే జుట్టు అప్పటికే చెదిరిపోయి ఉంటుంది. రెండు అరచేతుల మధ్య పాయను పెట్టి పైనుంచి కిందికి నిమిరి, కొసల్ని గుప్పిట్లోకి తీసుకుని మాడువైపు మెల్లగా నొక్కి వదలాలి. నొక్కినప్పుడల్లా రింగు తనంతట తాను చుట్టుకుంటుంది. తర్వాత పాత కాటన్ టీషర్టుతో అద్దాలి. టర్కీ టవల్‌తో రుద్దితే దాని పోగులు పొలుసుల్ని లేపుతాయి. ఇక పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకూడదు. పిల్లలకు ఇదే కష్టం. ఆరాక జుట్టు గట్టిపడి పెళుసుగా తగులుతుంది, అది చూసి పాడైందనుకుంటారు. అరచేతిలో ఒక్క చుక్క నూనె రాసుకుని మళ్లీ గుప్పిళ్లతో నలిపితే ఆ పెళుసుతనం పోయి మెత్తని రింగులు మిగులుతాయి. మా అక్క కూతురు మొదటిసారి అలా నలిపి అద్దంలో చూసుకుని, చాలాసేపు అక్కణ్నుంచి కదల్లేదు. మా అక్క వంటింట్లోంచి వచ్చి చూసి, ‘ఇది మన పిల్లేనా?’ అంది.

నూనెల్లో కొబ్బరినూనెకు మంచి ఆధారమే ఉంది. 2003లో ‘జర్నల్ ఆఫ్ కాస్మెటిక్ సైన్స్’లో వచ్చిన ఒక అధ్యయనంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. కడిగినప్పుడు వెంట్రుకలోంచి పోయే ప్రొటీన్‌ను గణనీయంగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది. అందుకే వెంట్రుక లోపలికి దూరగలుగుతుంది. తలస్నానానికి ముందు కొసలకు పట్టించడం మంచిది. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం మాడుకు నూనె పెట్టకపోవడమే మేలు. చుండ్రుతో సంబంధమున్న మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాల మీదే బతుకుతుంది.

ఇంట్లో దొరికేదల్లా తలకు మంచిదనుకోవడం కూడా పొరపాటే. వంటసోడా నీళ్లు క్షారం, అవి పొలుసుల్ని లేపుతాయి. మాడు సహజంగా కాస్త ఆమ్లగుణంలో, పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉంటుంది. గుడ్డు సొన తలకు పట్టిస్తే ప్రొటీన్ అందుతుందంటారు. ఆ ప్రొటీన్ అణువులు వెంట్రుకలోకి దూరలేనంత పెద్దవి. సీసాల మీద ‘హైడ్రొలైజ్డ్’ అని ఉండే ప్రొటీన్‌ను ముందే చిన్న ముక్కలుగా చేస్తారు కాబట్టి దానివల్ల కొంత ఉపయోగం ఉంటుంది. నున్నని శాటిన్ దిండు గలీబు మంచిదే. పాత శాటిన్ గుడ్డ ఉంటే దాన్నే కుట్టుకోవచ్చు. రబ్బరు బ్యాండుతో లాగి బిగించే ముడి మాత్రం ఎవరికీ వద్దు. నుదుటి దగ్గర, చెవుల పక్కన రోజూ అలా లాగుతుంటే అక్కడి వెంట్రుకలు పలచబడతాయి. ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లే దెబ్బతిని మళ్లీ మొలవకపోవచ్చు.

ఇప్పుడు జుట్టు సాఫు చేసే పద్ధతుల సంగతి. ఇస్త్రీ పెట్టె లాంటి యంత్రంతో తిన్నగా చేసేది తాత్కాలికం. వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు వేడికి సడలి మళ్లీ కుదురుకుంటాయి, నీళ్లు తగలగానే పాత రూపం వచ్చేస్తుంది. కానీ తడి పూర్తిగా ఆరకుండా వేడి పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు లేస్తాయి, అక్కడ విరుగుతుంది. శాశ్వతంగా సాఫు చేసే రసాయనాలు వెంట్రుకకు బలాన్ని, ఆకారాన్ని ఇచ్చే గట్టి డైసల్ఫైడ్ బంధాల్నే తెంపుతాయి. వాటిలో కొన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో, అంటే కాస్టిక్ సోడాతో చేసినవి, దాన్ని మేం ల్యాబ్‌లో పిల్లల్ని ముట్టుకోనివ్వం. తెగిన బంధం తిరిగి మామూలుగా కాదు. కొత్తగా వచ్చే జుట్టేమో మళ్లీ రింగులే. రెండూ కలిసే చోట వెంట్రుక బలహీనంగా ఉండి విరుగుతుంది, అందుకని మళ్లీ వెళ్లి చేయించుకోవాలి. ఈ ఖర్చుకు అంతుండదు.

కెరటిన్ అనే పేరుతో చేసేవాటిలో చాలావరకు వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో పెట్టింది. సీసా మీద ఆ పేరు ఉండకపోవచ్చు. మిథిలీన్ గ్లైకాల్ అని ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ నీళ్లలో కలిస్తే అయ్యేది అదే, వేడి తగిలితే మళ్లీ వాయువే. అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ, ఓషా, 2011లో ఈ ఉత్పత్తుల గురించి పార్లర్లలో పనిచేసేవాళ్లను హెచ్చరించింది. చేయించుకునేవాళ్లు కొన్ని గంటలు కూర్చుని వెళ్లిపోతారు, అక్కడ పనిచేసే అమ్మాయిలు రోజంతా ఆ గాలే పీలుస్తారు. కళ్లమంట, దగ్గు వాళ్లకు రోజువారీ సంగతి. మీ పేజీలో వాళ్ల ప్రస్తావన కూడా ఉండాల్సింది.

2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీల వివరాలతో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిలో నాలుగుసార్ల కన్నా ఎక్కువగా స్ట్రెయిటెనింగ్ రసాయనాలు వాడినవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం, వాడనివాళ్లతో పోలిస్తే రెట్టింపు కన్నా ఎక్కువని తేలింది. దాన్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. 70 ఏళ్లు వచ్చేలోపు ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎప్పుడూ వాడనివాళ్లలో 1.64 శాతం, తరచూ వాడేవాళ్లలో 4.05 శాతం అని వాళ్లు లెక్కకట్టారు. ఈ రెంటికీ సంబంధం కనిపించిందన్నారు గానీ, ఇదే కారణమని రుజువైందనలేదు. అయినా పదహారేళ్ల పిల్లకు ఆ పద్ధతులు వివరించే పేజీలో ఈ నాలుగు వాక్యాలు ఉండి తీరాలి. తెలిసి కూడా చేయించుకుంటానంటే అది తన ఇష్టం. జుట్టు ఎలా ఉంచుకోవాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. తెలియకుండా చేయించుకోవడమే అన్యాయం.

ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలు తమ సహజమైన జుట్టు కోసం ఎంత పోరాడారో కూడా పిల్లలకు చెబుతుంటాను. ఉద్యోగాల్లో, బడుల్లో జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం తెచ్చింది. అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. జడలు, లాక్స్ అనే తాళ్లలా పేనుకున్న పాయలు, ట్విస్టులనే మెలితిప్పిన పాయలు అన్నీ అందులోకి వస్తాయి. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. తల్లులు కూతుళ్లకు నేర్పుకుంటూ వచ్చిన ఆ పద్ధతుల వల్లే ఈరోజు రింగుల జుట్టు ఉన్నవాళ్లందరికీ ఇంత సమాచారం దొరుకుతోంది. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

2సి, 3బి, 4ఏ అంటూ జుట్టును రకాలుగా విడదీసే పట్టిక ఒకటుంది. ఆండ్రే వాకర్ అనే హెయిర్ స్టయిలిస్ట్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. మాట్లాడుకోవడానికి అది పనికొస్తుంది గానీ, ఒక్కొక్కరి తలమీదే రెండు మూడు రకాలుంటాయి. నా రకం ఏదో తేలితే గానీ ఏమీ కొనను అని కూర్చోవాల్సిన పనిలేదు. ఒక సీసా తెచ్చి నెల రోజులు వాడి, ఆరాక చేత్తో తడిమి చూడటమే మంచి పరీక్ష. మెత్తగా ఉండి బరువుగా వేలాడుతుంటే తక్కువ రాయాలి, గరుగ్గా ఉంటే ఎక్కువ రాయాలి.

ఇప్పటికే సాఫు చేయించుకుని, మళ్లీ రింగులు కావాలనుకునేవాళ్లకు ఒక మాట. వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఒకేసారి కత్తిరించుకునే ధైర్యం లేకపోతే రెండు మూడు నెలలకోసారి కొసలు కొంచెం కొంచెం తీసేసుకుంటూ రావచ్చు. పాత, కొత్త జుట్టు కలిసే చోట దువ్వెన పెట్టకుండా వేళ్లే వాడండి. ఆ కొన్ని నెలలు జుట్టు రెండు రకాలుగా కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. అనే నోళ్లు మూయించలేం గానీ, ఇంట్లోవాళ్లు ఆ మాట అనకుండా ఉంటే చాలు, పిల్ల తట్టుకుంటుంది.

సంపాదకులను రెండు కోరుతున్నాను. జుట్టు సాఫు చేసే రసాయనాల గురించి ఇకముందు రాసినప్పుడు, వాటిలో ఏముంటుందో, ఏ హెచ్చరికలున్నాయో అదే పేజీలో అంతే సైజు అక్షరాలతో వేయండి. ఇక రింగుల జుట్టు ఫొటో వేసినప్పుడు ఆ అమ్మాయిని దిగులుగా కూర్చోబెట్టకండి. జుట్టును ఇంట్లోనే చవకగా ఎలా చూసుకోవాలో మీరు ఒక పేజీ ఇస్తానంటే, చర్మవైద్యులు ఒకరు సరిచూసే ఏర్పాటు మీరు చేస్తే, దువ్వెన నుంచి దిండు గలీబు దాకా పిల్లలకు అర్థమయ్యేలా నేను రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక సైన్సు టీచర్